కోళ్ల వధలో స్టన్నింగ్: సగటు లెక్క దాచేది ఏమిటి

కత్తి పడేముందు కోడికి స్పృహ పోగొట్టడాన్ని స్టన్నింగ్ అంటారు. మెడ తెగేటప్పుడూ, ఆ తర్వాత రక్తం పోయి ప్రాణం పోయేదాకానూ ఆ పక్షికి నొప్పి గానీ భయం గానీ తెలియకూడదన్నదే దీని ఉద్దేశం. స్టన్నింగ్ లేకుండా కోస్తే, మెడలోని రెండు ప్రధాన ధమనులూ ఒకే కోతలో తెగినా స్పృహ పోవడానికి చాలా సెకన్లు పడుతుంది. ఒక ధమని మిగిలిపోతే ఆ సమయం ఇంకా సాగుతుంది. ఆ సెకన్లను తీసేయడానికే ఇన్ని యంత్రాలు, ఇన్ని నియమాలు.

పెద్ద ప్లాంటులో ఈ పని గంటకు వేల కోళ్ల మీద జరుగుతుంది. అక్కడ అందరూ చూసేది లైను మొత్తానికి వచ్చే అంకెలు: ఎన్ని ఓల్టులు, ఎన్ని ఆంపియర్లు, వాయువు ఎంత శాతం. బాధ మాత్రం లైనుకు ఉండదు, ఒక్కో పక్షికి ఉంటుంది. స్టన్నింగ్‌లో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే వస్తున్నాయి.

నీటి తొట్టి పద్ధతి

చాలాచోట్ల వాడుకలో ఉన్నది వాటర్‌బాత్. కోళ్లను క్రేట్ల నుంచి తీసి, కదిలే గొలుసుకు వేలాడే లోహపు కొక్కేల్లో కాళ్లు ఇరికించి తలకిందులుగా వేలాడదీస్తారు. ఆ కొక్కేలను షాకిల్ అంటారు. గొలుసు ముందుకు సాగుతుంటే తలలు ఒక నీటి తొట్టిలో మునుగుతాయి. తొట్టి అడుగున ఒక ఎలక్ట్రోడ్ ఉంటుంది, షాకిల్‌కు తగులుతూ భూమికి కలిపిన లోహపు పట్టీ రెండో ఎలక్ట్రోడ్. కరెంటు నీటి నుంచి తలలోకి, శరీరం గుండా కాళ్లలోకి, అక్కడి నుంచి షాకిల్‌కు పోతుంది. తగినంత కరెంటు మెదడు గుండా వెళితే ఒక్క సెకను లోపే మూర్ఛ లాంటి స్థితి వచ్చి స్పృహ పోతుంది.

తగినంత అంటే ఎంత? ఐరోపా యూనియన్ 1099/2009 నియమావళి దీనికి స్పష్టమైన అంకెలు ఇచ్చింది. కరెంటు ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఎన్ని ఆవర్తనాలో ఆ లెక్క, 200 హెర్ట్జ్ లోపు ఉంటే కోడికి సగటున కనీసం 100 మిల్లీ ఆంపియర్లు, టర్కీ కోడికి 250, బాతుకూ హంసబాతుకూ 130, క్వెయిల్‌కు (కౌజుపిట్టకు) 45. ఫ్రీక్వెన్సీ 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య ఉంటే కోడికి 150, అంతకు మించి 1500 దాకా అయితే 200 మిల్లీ ఆంపియర్లు. ఏ సెట్టింగులోనైనా కనీసం 4 సెకన్లు కరెంటు అందాలి, పక్షి వీలైనంతవరకు రెక్కల మొదలు దాకా నీటిలో మునగాలి.

ఈ నియమంలోని 'సగటున' అన్న మాట దగ్గరే అసలు సమస్య ఉంది.

తొట్టిలో ఒకేసారి పది కోళ్లు మునిగి ఉన్నాయనుకుందాం. అన్నిటికీ ఒకే ఓల్టేజి, 150 ఓల్టులు. విద్యుత్తు పరంగా అవి పక్కపక్కన సమాంతరంగా కలిపిన పది నిరోధాలు. బ్రాయిలర్ కోడి శరీర నిరోధం సుమారు 1000 నుంచి 2600 ఓమ్‌ల దాకా మారుతుంది. పదింటిలో ఎనిమిదింటి నిరోధం 1250 ఓమ్‌లు అయితే ఒక్కోదానికి 120 మిల్లీ ఆంపియర్లు అందుతాయి. ఒకదాని నిరోధం 1000 అయితే దానికి 150. మిగిలిన ఒక్కదాని నిరోధం 2500 అయితే దానికి అందేది 60 మాత్రమే. మీటరు మొత్తం 1.17 ఆంపియర్లు చూపిస్తుంది. పదితో భాగిస్తే సగటు 117 మిల్లీ ఆంపియర్లు, 100 దాటింది కాబట్టి కాగితం మీద అంతా సవ్యమే. ఆ పదో కోడికి మాత్రం కావలసినదానిలో 60 శాతమే అందింది. అది స్పృహతోనే కత్తి దగ్గరికి వెళ్లవచ్చు. అంతకన్నా ఘోరం, తక్కువ కరెంటు కండరాలను బిగించేసి కదలిక ఆపేయగలదు. అప్పుడు చూసేవారికి ఆ కోడి స్పృహ తప్పినట్టే ఉంటుంది.

ఓల్టేజి పెంచితే సరిపోదా అంటే, పెంచినప్పుడు నిరోధం తక్కువగా ఉన్న కోళ్లకు అవసరానికి మించి పోతుంది. కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని విష్‌బోన్ (రొమ్ము ముందుండే చీలిన ఎముక), భుజం ఎముకలు విరుగుతాయి, రొమ్ము మాంసంలో రక్తపు మచ్చలు పడతాయి, రెక్కల కొసలు ఎర్రబడతాయి. మచ్చపడిన మాంసం నష్టం అదే రోజు లెక్కల్లో కనబడుతుంది. స్పృహలో ఉండిపోయిన కోడి బాధ ఏ పుస్తకంలోనూ నమోదు కాదు. అందుకే అదుపు చేసేవారు లేనిచోట సెట్టింగులు మెల్లగా తక్కువ వైపుకే జరుగుతాయి. ఒక్కో పక్షికి విడివిడిగా స్థిరమైన కరెంటు ఇచ్చే యంత్రాలు సాంకేతికంగా సాధ్యమే గానీ వాడుకలోకి పెద్దగా రాలేదు.

పక్షుల మధ్య తేడాను తగ్గించే పనులు కొన్ని ఉన్నాయి, అవి ఖరీదైనవి కూడా కావు. నిరోధంలో పెద్ద వాటా కాలికీ షాకిల్‌కూ మధ్య ఉంటుంది. కోళ్లను వేలాడదీసే ముందు షాకిల్‌ను తడిపితే అది తగ్గుతుంది. కాళ్ల మందానికి తగిన షాకిల్ వాడాలి: వదులైతే స్పర్శ సరిగా ఉండదు, ఇరుకైతే నొప్పి విపరీతం. షాకిల్ మీద పేరుకున్న తుప్పు, కొవ్వు, పొలుసులు కరెంటును అడ్డుకుంటాయి కాబట్టి రోజూ శుభ్రం చేయాలి. మంచినీటి తొట్టిలో కొద్దిగా ఉప్పు కలిపితే నీటి వాహకత పెరుగుతుంది. ఒకే తొట్టిలోకి వచ్చే కోళ్లు దాదాపు ఒకే సైజులో ఉండాలి. మందలో బాగా చిన్నవి ఉంటే వాటి తల నీటిని తాకకుండానే దాటిపోవచ్చు. అలాంటివాటిని లైనులో వేయకుండా పక్కన పెట్టి వేరే పద్ధతిలో స్టన్ చేయాలి.

లైను వేగం కూడా లెక్క చూసుకోవలసిందే. షాకిల్‌కూ షాకిల్‌కూ మధ్య 15.24 సెంటీమీటర్ల దూరంతో గంటకు 9000 కోళ్ల వేగంలో గొలుసు సెకనుకు 38 సెంటీమీటర్లు సాగుతుంది. 4 సెకన్లు నీటిలో ఉండాలంటే మునిగే నిడివి కనీసం 1.52 మీటర్లు కావాలి. అదే తొట్టితో వేగాన్ని గంటకు 12000కు పెంచితే సమయం 3 సెకన్లకు పడిపోతుంది. ఉత్పత్తి పెంచుతూ తొట్టి మార్చని ప్లాంటులో ఎవరూ చూడని పొరపాటు ఇదే.

కొలత పరికరం గురించి కూడా ఒక మాట. హై ఫ్రీక్వెన్సీ కరెంటును, లేదా ఒకే దిశలో ఆగి ఆగి వచ్చే పల్స్ డీసీ కరెంటును మామూలు మల్టీమీటరు తప్పుగా చూపించవచ్చు. తరంగం ఏ ఆకారంలో ఉన్నా దాని అసలు ప్రభావ విలువను చూపే ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరుతో, ఆ తరంగానికి సరిపోయేలా కొలవాలి. నియమావళి ఏ రకం విలువ అడుగుతోందో తెలియకుండా అంకె నమోదు చేయడం వల్ల ఉపయోగం లేదు.

ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలి

50 హెర్ట్జ్ దగ్గర తగిన కరెంటు ఇస్తే మెదడుతో పాటు గుండె లయ కూడా తప్పి ఆగిపోతుంది. పక్షి నీటి తొట్టిలోనే చనిపోతుంది, మళ్లీ స్పృహలోకి వచ్చే ప్రశ్నే ఉండదు. పక్షి బాధ కోణంలో చూస్తే ఇదే మేలు. రక్తం సరిగా పోదన్న భయంతో చాలామంది దీన్ని వద్దంటారు గానీ, మెడలోని పెద్ద నాళాలు సరిగా తెగితే గుండె ఆగిన పక్షిలోనూ రక్తం బాగానే కారుతుంది.

హై ఫ్రీక్వెన్సీలో ఎముకలు విరగడం, మచ్చలు తగ్గుతాయి. కానీ గుండె ఆగదు, స్పృహ లేని సమయం చిన్నదవుతుంది. అందుకే నియమావళి ఫ్రీక్వెన్సీతో పాటు కరెంటునూ పెంచమంటుంది. ఫ్రీక్వెన్సీ పెంచి కరెంటు పెంచకపోవడం ఈ రంగంలో అన్నిటికన్నా హానికరమైన సెట్టింగు. ఆ కోడి కత్తి దగ్గరికి చేరేలోపో, రక్తం కారుతుండగానో స్పృహలోకి రావచ్చు. ప్రాణం కత్తి వల్లే పోవాలని కోరే హలాల్ వధలో, స్టన్నింగ్‌ను అంగీకరించేవారు కూడా గుండె ఆగని పద్ధతినే కోరతారు. అలాంటిచోట కరెంటుకూ కోతకూ మధ్య సమయాన్ని సెకన్లలో లెక్క పెట్టాలి.

కరెంటు తగలకముందే జరిగే బాధ

కరెంటు లెక్క సరిగ్గా ఉన్నా వాటర్‌బాత్‌కు ఒక లోపం తప్పదు: స్పృహలో ఉన్న కోడిని తలకిందులుగా వేలాడదీయాలి. పక్షులకు మనకున్నట్టు ఛాతీకీ పొట్టకూ మధ్య అడ్డుగోడలా ఉండే డయాఫ్రమ్ కండరం ఉండదు, తలకిందులైతే పొట్టలోని అవయవాల బరువు గుండె మీద, ఊపిరి మీద పడుతుంది. కాలి ఎముక పైపొరలో నొప్పి తెలిపే నాడులు ఉంటాయి, షాకిల్ బిగింపు నేరుగా దాని మీదే. పట్టుకునేటప్పుడో క్రేట్లలో వేసేటప్పుడో కాలో రెక్కో విరిగిన కోడికి ఇది ఇంకా నరకం. ఐరోపా నియమావళి ప్రకారం స్పృహలో ఉన్న కోడి ఒక నిమిషానికి మించి వేలాడకూడదు. బరువైన టర్కీలకు, బాతులకు, హంసబాతులకు రెండు నిమిషాల దాకా వదిలేశారు. బరువు పెరిగేకొద్దీ కాళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఈ సడలింపుకు పక్షి సంక్షేమం నుంచి సమర్థన దొరకదు.

వేలాడదీయగానే చాలా కోళ్లు రెక్కలు కొట్టుకుంటాయి, స్థిమితపడటానికి పది పన్నెండు సెకన్లు పడుతుంది. వాటి రొమ్ముకు ఆనుతూ లైను పొడవునా నున్నటి ప్లాస్టిక్ లేదా రబ్బరు పలక అమర్చితే త్వరగా నెమ్మదిస్తాయి. వెలుతురు తగ్గించడం, నీలి దీపాలు, చప్పుడు లేకపోవడం, గొలుసు మలుపుల్లో కుదుపులు లేకపోవడం కూడా సాయపడతాయి. ఆ పలక సరిగ్గా తొట్టి ముందు ఆగిపోతే ప్రయోజనం పోతుంది. ఆనుకున్నది తప్పగానే కోళ్లు మళ్లీ రెక్కలు విప్పుతాయి, అది కూడా నీటికి అంగుళాల దూరంలో.

అక్కడే ముందస్తు షాక్ తగులుతుంది. తల కన్నా ముందు రెక్క నీటిని తాకితే, లేదా తొట్టి అంచు నుంచి పొర్లిన నీరు ప్రవేశపు వాలు మీద తడిగా ఉంటే, మెదడుకు చాలని కరెంటు శరీరంలోకి వెళుతుంది. అది నొప్పి తప్ప మరేమీ కాదు. ఆ కోడి ఉలిక్కిపడి తల పైకెత్తి, కొన్నిసార్లు తొట్టిని పూర్తిగా తప్పించుకుని అవతలికి దాటిపోతుంది. టర్కీల రెక్కలు తల కన్నా కిందికి వేలాడతాయి కాబట్టి వాటిలో ఇది ఎక్కువ. వాలును విద్యుత్తు పారని పదార్థంతో చేసి పొడిగా ఉంచాలి, పొర్లే నీరు నిష్క్రమణ వైపు పోయేలా తొట్టిని సరిచేయాలి, పక్షి నీటిలోకి ఒక్క ఊపుతో దిగేలా వాలు కోణం ఉండాలి. ప్రవేశం దగ్గర నిలబడి వందా రెండొందల కోళ్లను వరసగా చూస్తే ఈ లోపం ఉందో లేదో తేలిపోతుంది.

స్పృహ పోయిందని ఎలా తెలుస్తుంది

కరెంటు బాగా పనిచేసి గుండె ఇంకా కొట్టుకుంటున్న కోడి మెడ వంపు తిరిగి బిగుసుకుంటుంది. కళ్లు తెరిచి ఉంటాయి. రెక్కలు శరీరానికి అదుముకుని, ఒళ్లంతా సన్నగా ఆగకుండా వణుకుతుంది, కాళ్లు బిర్రుగా చాపుకుంటాయి. శ్వాస ఉండదు. గుండె ఆగిన కోడిలో ఈ బిగువు కొద్దిసేపే ఉంటుంది, తర్వాత ఒళ్లు వదులై కంటిపాప విప్పారుతుంది.

అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు శ్వాస. పొట్ట కింద, మలద్వారం చుట్టూ ఒక లయలో కదలిక కనబడితే మెదడు మేలుకుంటున్నట్టే. కనుగుడ్డును మెత్తగా తాకితే కనుపొర కదలడం, తనంతట తాను రెప్ప కొట్టడం, అరుపు, మింగడం, రెండు రెక్కలూ ఒకే లయలో కొట్టుకోవడం, తల పైకెత్తే ప్రయత్నం ప్రమాద సంకేతాలే. ఇక్కడ ఒక తికమక ఉంది: తాకినప్పుడు కనుపొర కదిలినంత మాత్రాన స్పృహ ఉన్నట్టు కచ్చితంగా చెప్పలేం, అది మెదడు అడుగుభాగపు ప్రతిచర్య. కానీ కదిలిన కోడిని స్పృహలో ఉన్నదానిగానే లెక్క కట్టి వెంటనే మళ్లీ స్టన్ చేయాలి. సందేహం వస్తే పక్షి వైపే మొగ్గాలి.

కోత విషయానికొస్తే, మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు కెరోటిడ్ ధమనులూ తెగాలి. కోడి మెడలో అవి వెన్నుపూసకు దగ్గరగా, లోతుగా ఉంటాయి. ఆటోమేటిక్ కత్తి మెడ వెనక వైపునో ఒక పక్కనో పైపైన కోస్తే సిరలే తెగుతాయి, రక్తం కారినట్టు కనబడినా మెదడుకు సరఫరా ఆగదు. అందుకే మెడ ముందుభాగాన్ని కోయడం మంచిది. కోశాక వేడినీటి తొట్టిలోకి పోయేముందు బ్రిటన్ నిబంధనలు కోడికి 90 సెకన్లు, టర్కీకి 120 సెకన్లు ఆగమంటాయి. ఈకలు వదులు చేసే ఆ తొట్టిలో నీరు 50 డిగ్రీల పైనే ఉంటుంది. బతికుండగానే అందులో పడిన కోడి చర్మం ఈకలు తీశాక ముదురు ఎరుపుగా కనిపిస్తుంది. అలాంటి ఒక్క కళేబరం కనబడినా స్టన్నర్ దగ్గర, కత్తి దగ్గర, వెనక తనిఖీ చేసే మనిషి దగ్గర మూడుచోట్లా తప్పు జరిగిందని అర్థం. గంటకు 9000 వేగంలో ఆ మనిషికి ఒక్కో కోడి మీద దొరికేది 0.4 సెకను. ఒక్కరిని పెట్టి గంటల తరబడి చూడమనడం తనిఖీ అనిపించుకోదు.

వాయువుతో స్టన్నింగ్

వాయు పద్ధతికి ఉన్న పెద్ద బలం కోళ్లను క్రేట్లలోనే ఉంచి స్పృహ పోగొట్టగలగడం. వేలాడదీసేది స్పృహ పోయాకే కాబట్టి షాకిల్ బాధ, ముందస్తు షాక్ రెండూ పోతాయి. నిరోధాల తేడా సమస్యా ఉండదు. కొన్ని ప్లాంట్లలో క్రేట్లను బెల్టు మీదికి బోర్లించి తర్వాత వాయువులోకి పంపుతారు. ఆ కుమ్మరింపులో గాయాలు, భయం మళ్లీ వచ్చి చేరతాయి.

కార్బన్ డయాక్సైడ్ చవక, గాలి కన్నా బరువు, గదిలో నిలుస్తుంది. కానీ అది ముక్కు, గొంతు తడిపొరల మీద కార్బానిక్ ఆమ్లంగా మారి మండిస్తుంది, ఊపిరాడని భావన తెస్తుంది. అందుకే స్పృహలో ఉన్న కోడిని 40 శాతానికి మించిన గాఢతలో పెట్టకూడదు. మొదటి దశలో గాఢతను మెట్లుమెట్లుగా పెంచుతూ 40 లోపే స్పృహ పోగొట్టి, తర్వాతే ఎక్కువ గాఢతతో ప్రాణం పోయేలా చేయాలి. మెట్టుకూ మెట్టుకూ మధ్య సమయం కుదించి ఉత్పత్తి పెంచాలని చూస్తే, స్పృహ పోకముందే కోడి ఘాటైన వాయువులోకి వెళుతుంది. తల విదిలించడం, నోరు తెరిచి లోతుగా ఊపిరి పీల్చడం మొదటి దశలో కొంత తప్పదు. కోడి నిలబడలేక కూలిపోవడం స్పృహ పోతున్నదనడానికి మొదటి పైగుర్తు. గాఢతను కొలిచే సెన్సర్ పక్షి తల ఎత్తులో ఉండాలి, గది పైకప్పు దగ్గర ఉంటే ఆ అంకెకు అర్థం లేదు. సిలిండర్ నుంచి వచ్చే వాయువు చల్లగా, పొడిగా ఉంటుంది కాబట్టి వేడిచేసి తేమ కలిపి పంపాలి. పనివాళ్లకూ ఇది ప్రాణాంతకమే, గదిలోకి మనిషి వెళ్లేముందు ఆక్సిజన్ కొలవాలి.

ఆర్గాన్, నైట్రోజన్‌లకు వాసన లేదు, మంట లేదు. ఆక్సిజన్ 2 శాతం లోపుకు పడిపోతే పక్షికి తెలియకుండానే స్పృహ పోతుంది. పక్షి అనుభవం పరంగా నాకు ఇవే మెరుగ్గా కనిపిస్తాయి. స్పృహ పోయాక రెక్కలు విపరీతంగా కొట్టుకుంటాయి, విరుగుతాయి కూడా. చూడటానికి భయంకరంగా ఉన్నా అప్పటికి కోడికి ఏమీ తెలియదు. మాంసం నష్టం మాత్రం నిజం. గాలిలో ఆర్గాన్ ఒక శాతం కూడా లేదు, అందుకే ఖరీదు. నైట్రోజన్ గాలి కన్నా కాస్త తేలిక, తెరిచిన గదిలో నిలవదు. దీనికి మధ్యేమార్గంగా 30 శాతానికి మించని కార్బన్ డయాక్సైడ్‌ను జడవాయువులతో కలిపి వాడతారు.

ఇంకో దారి గాలి పీడనాన్ని తగ్గించడం. 4 కిలోల లోపు బ్రాయిలర్లకు ఐరోపా యూనియన్ 2018లో దీన్ని అనుమతించింది. మూసిన గదిలో గాలిని మెల్లగా తీసేస్తారు, మొత్తం 280 సెకన్ల పని. వేగంగా తీస్తే శరీరంలో చిక్కుకున్న గాలి ఉబ్బి నొప్పి పుట్టిస్తుంది. అందుకే మొదటి దశలో పీడనం 760 నుంచి 250 టోర్‌కు (టోర్ పీడనపు కొలమానం) దిగడానికి కనీసం 50 సెకన్లు పట్టాలని నిబంధన.

చిన్న స్థాయిలో, అత్యవసరంలో

రోజుకు కొన్ని పదుల కోళ్లు కోసేచోట తలకు మాత్రమే కరెంటు ఇచ్చే పరికరం మంచి ఎంపిక. కోడిని ఒక శంకువులో పెడితే రెక్కలు అదుపులో ఉంటాయి. కంటికీ చెవికీ మధ్య రెండు వైపులా ఎలక్ట్రోడ్లు ఆనించి కోడికి కనీసం 240 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి. ఎలక్ట్రోడ్లు మెడ మీదికి జారితే మెదడు మధ్యలో ఉండదు, పని జరగదు. ఇది గుండెను ఆపదు కాబట్టి కోత 10 సెకన్లలోపు పూర్తికావాలి. కత్తి చేతిలో సిద్ధంగా ఉన్నప్పుడే స్విచ్ నొక్కాలి.

చేత్తో మెడ విరవడాన్ని రోజువారీ పద్ధతిగా తీసుకోకూడదు. విరిగాక కూడా కొంతసేపు మెదడు పనిచేస్తూ ఉండవచ్చు. ఐరోపా నియమావళి దీన్ని 3 కిలోల లోపు పక్షులకు, మనిషికి రోజుకు 70 దాటకుండా మాత్రమే ఒప్పుకుంటుంది. పరికరంతో అయితే 5 కిలోల దాకా. మెడను లాగి పూసలు వేరుచేయడం ఒకటి, పటకారుతో నలపడం మరొకటి. నలిపితే ఊపిరాడక చనిపోతుంది, కాబట్టి అలాంటి పటకార్లు వాడకూడదు. గాయపడినవాటికి, స్టన్నింగ్ తప్పినవాటికి కోళ్ల కోసం చేసిన క్యాప్టివ్ బోల్ట్, అంటే తలకు లోహపు కడ్డీతో బలమైన దెబ్బ కొట్టే పరికరం, మేలు. నడినెత్తి మీద నిటారుగా ఆనించి పేలిస్తే తక్షణం స్పృహ పోతుంది, తర్వాత రెక్కలు గట్టిగా కొట్టుకుంటాయి కాబట్టి గట్టిగా పట్టుకోవాలి.

లైను ఆగిపోయినప్పుడు ఏం చేయాలో ముందే రాసి గోడకు అంటించి ఉండాలి. తొట్టి దాటి ఇంకా కత్తి దగ్గరికి చేరని కోళ్లను అక్కడికక్కడే చేత్తో కోయాలి, అవి మళ్లీ స్పృహలోకి వచ్చే సమయం దగ్గరపడుతూనే ఉంటుంది. తొట్టికి ముందు వేలాడుతున్నవాటిని నిమిషంలోపు చేత్తో స్టన్ చేయాలి, లేదా షాకిల్ నుంచి దించి క్రేట్లలో పెట్టాలి. ఇందుకు కావలసిన పరికరం, చార్జ్ చేసిన బ్యాటరీ, పని తెలిసిన ఇద్దరు మనుషులు ప్రతి షిఫ్టులో తొట్టి పక్కనే ఉండాలి.